ఇంట్లో పుట్టగొడుగులు, మూడో పాఠం: స్పోరు సిరంజిని పొదుపుగా వాడటం

గత పాఠంలో పోసుకున్న అగర్ ప్లేట్లను, అంటే పోషకాలు కలిపిన జెల్లీ గడ్డకట్టిన మూత పళ్లేలను, ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. నాలుగైదు రోజులు గడిచినా వాటి మీద ఏమీ మొలవకపోతే ఈ పాఠం మొదలుపెట్టొచ్చు. చిన్న మచ్చ కనిపించినా ఆ ప్లేటును తీసేయండి. ముందే చెడిపోయిన ప్లేటు మీద చుక్క వేస్తే, తర్వాత వచ్చిన బూజు ప్లేటులోదో సిరంజిలోదో ఎప్పటికీ తేలదు.

స్పోరు సిరంజి, అంటే పుట్టగొడుగు స్పోర్లు కలిపిన నీళ్లున్న సిరంజి, చేతికి రాగానే చాలామంది దాన్ని నేరుగా పుట్టగొడుగును పెంచే గింజల జాడీలోకి ఎక్కించేస్తారు. ఒక్కోసారి అది బాగానే పెరుగుతుంది కూడా. అయినా నేను వద్దనే అంటాను. స్పోర్లు, అంటే సిద్ధబీజాలు, పుట్టగొడుగు గొడుగు కింది పొరల నుంచి రాలతాయి. ఆ పొరలు గాలికి తెరుచుకునే ఉంటాయి కాబట్టి, ఎంత జాగ్రత్తగా సేకరించినా వాటితో పాటు కొంత బ్యాక్టీరియా, వేరే బూజుల స్పోర్లు రావచ్చు. గింజల మధ్య అవి పెరుగుతుంటే మనకు కనిపించవు. కనిపించేసరికి జాడీ మొత్తం పారేయాల్సిందే. అగర్ మీద అలా కాదు, పెరిగేదంతా కళ్ల ముందే పెరుగుతుంది. చెడు మచ్చ ఒక పక్క, మంచి పోగులు ఇంకో పక్క ఉంటే మంచి ముక్కను కోసి కొత్త ప్లేటుకు మార్చుకోవచ్చు.

లెక్క చూసినా ఇదే మేలు. సిరంజిలో సాధారణంగా 10 మిల్లీలీటర్లు ఉంటాయి. జాడీకి 2 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే ఐదు జాడీలకే ఖాళీ అవుతుంది. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు వస్తాయి, ప్లేటుకు ఒక్క చుక్క చాలు. ఈ రోజు మూడు ప్లేట్లకు మూడు చుక్కలే వాడతాం. అందులో ఒక్క ప్లేటు బాగా వచ్చినా దాన్నుంచి ఎన్నో జాడీలకు సరిపడా మైసీలియం, అంటే పుట్టగొడుగు పోగుల అల్లిక, పెంచుకోవచ్చు.

అగర్‌కు ఇంకో పెద్ద కారణం ఉంది. ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగుల్లో ఒక్కో స్పోరులో ఒకే సెట్టు క్రోమోజోములు ఉంటాయి. ఒంటరి స్పోరు నుంచి మొలిచిన పోగు మామూలుగా కాపుకు రాదు, తనకు పొసిగే ఇంకో పోగుతో కలవాలి. ఈ పొసగడాన్ని రెండు వేర్వేరు జన్యు స్థానాలు నిర్ణయిస్తాయి, రెండింటిలోనూ తేడా ఉంటేనే పోగులు పొసగుతాయి. అందుకే ఒకే పుట్టగొడుగుకు పుట్టిన రెండు స్పోర్లను తీసుకుంటే అవి జతకట్టే అవకాశం నాలుగింట ఒక వంతే. చుక్కలో చాలా స్పోర్లు ఉంటాయి కాబట్టి జత దొరకదన్న టెన్షన్ అక్కర్లేదు. కానీ ఏర్పడే జతలన్నీ ఒకేలా ఉండవు. ఒకటి చురుగ్గా అల్లుకుంటుంది, ఇంకొకటి నెమ్మదిగా, పలచగా పాకుతుంది. ఎవరి చేతిలో ఎంత మంచి సిరంజి ఉన్నా, అందులో ఉన్నది ఒక రకం కాదు, ఎన్నో తోబుట్టువులు. వాటిలో మెరుగైనదాన్ని చూసి ఎంచుకునే చోటు అగర్ ప్లేటే. (తెల్ల బటన్ పుట్టగొడుగుల సంగతి వేరు. వాటి స్పోర్లలో ఎక్కువ భాగం రెండేసి కేంద్రకాలతో ఉంటాయి, అవి జత లేకుండానే కాపుకు రాగలవు.)

సిరంజిలో నీళ్లు దాదాపు తేటగా కనిపిస్తే మోసపోయామని అనుకోకండి. ముత్యపు చిప్ప స్పోర్లు గుట్టగా పడితే తెలుపు నుంచి లేత ఊదా రంగులో కనిపిస్తాయి, నీటిలో కలిస్తే పెద్దగా తెలియవు. తెల్లటి దూది పీలికలు తేలుతుంటే మాత్రం అది స్పోరు సిరంజి కాకపోవచ్చు, పెరిగిన మైసీలియం ఉన్న లిక్విడ్ కల్చర్ అయి ఉండొచ్చు. దాన్ని కూడా ముందు అగర్ మీద వేసి చూసుకోవడమే మంచిది.

ఇక పని. ఫ్యాను ఆపండి, కిటికీలు మూయండి. గాలి కదలని పెట్టె (చేతులు దూర్చి లోపల పని చేసుకునే మూత డబ్బా) లోపలి గోడలు, ప్లేట్ల బయటి వైపు, చేతి తొడుగులు 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. ఇంకా గాఢమైనది వాడితే ఇంకా బాగా చంపుతుందని అనుకోవద్దు. అందులోని నీరే సూక్ష్మజీవుల ప్రొటీన్లు చెడిపోవడానికి తోడ్పడుతుంది, ఆల్కహాల్ వెంటనే ఆవిరైపోకుండా కూడా చూస్తుంది. తుడిచాక కొన్ని నిమిషాలు ఆగండి, లోపలి దుమ్ము కిందికి దిగుతుంది.

స్పోర్లు ముద్దలు కట్టి సిరంజి అడుగుకు చేరతాయి. మూత తీయకుండానే, లోపలి గాలి బుడగ ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తేలా ఒక నిమిషం ఊపండి. ఈ నిమిషం తగ్గించుకుంటే మొదటి ప్లేటుకు ఉత్త నీళ్లు, చివరి ప్లేటుకు ముద్ద దక్కుతాయి.

సీలు తీయని కొత్త సూది అయితే దాన్ని కాల్చనక్కర్లేదు. ప్లేటుకూ ప్లేటుకూ మధ్య కొత్త సూది మార్చుకోగలిగితే అదే అన్నిటికన్నా సురక్షితం. కాల్చాలంటే పెట్టెకు దూరంగా, ఆల్కహాల్ సీసాకు దూరంగా, తొడుగులు పూర్తిగా ఆరాకే కాల్చండి. ఆల్కహాల్ ఆవిరి నిండిన పెట్టెలో మంట పెట్టడం ప్రమాదం, ఈ ఒక్క విషయంలో తొందర వద్దే వద్దు. సూది ఎర్రబడ్డాక చల్లారనిచ్చి, మొదటి చుక్కను శుభ్రమైన టిష్యూ మీద వదిలేయండి. వేడి సూది స్పోర్లను కూడా చంపేస్తుంది.

ప్లేటు మూతను ఒక వైపు మాత్రమే, సూది పట్టేంత ఎత్తండి. అగర్‌ను తాకకుండా ఒక్క చుక్క వదిలి మూత వేయండి. ప్లేటును కొద్దిగా వంచితే చుక్క గీతలా జారి స్పోర్లు విడివిడిగా పడతాయి. రెండో చుక్క వేయాలనిపిస్తుంది, వేయకండి. అగర్ మీద నీరు నిలిస్తే బ్యాక్టీరియా ఆ నీటిలో అన్ని వైపులకూ వ్యాపిస్తుంది, అప్పుడు మంచి ముక్క కోయడానికి చోటే మిగలదు.

నాలుగో ప్లేటు ఒకటి అదే పెట్టెలో, అంతే సేపు మూత ఎత్తి, ఏమీ వేయకుండా మూసేయండి. తర్వాత అందులోనూ బూజు వస్తే లోపం మీ ప్లేట్లలోనో పెట్టెలోనో ఉంది. అది శుభ్రంగా ఉండి మూడు ప్లేట్లలోనూ ఒకే రకం మచ్చలు వస్తే సిరంజినే అనుమానించాలి. ఈ ప్లేటు లేకుండా ఎప్పుడూ చుక్క వేయకండి.

అంచులకు టేపు చుట్టి తేదీ రాయండి. చుక్క ఇంకేదాకా, అంటే ఒక రోజు, మామూలుగా ఉంచి, తర్వాత బోర్లించండి. 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొద్ది రోజుల నుంచి రెండు వారాల లోపు తెల్లటి సన్నని పోగులు కనిపిస్తాయి. ఆకుపచ్చ, నలుపు రంగులు వేరే బూజులవి. మీగడ రంగులో తడిగా మెరిసే చుక్కలు బ్యాక్టీరియావో ఈస్టువో. ఆకుపచ్చ తిరిగిన ప్లేటును ఇంట్లో తెరవకండి, తెరిస్తే దాని స్పోర్లు గదంతా నిండుతాయి.

మిగిలిన సిరంజికి మూత బిగించి, శుభ్రమైన కవరులో ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.

వచ్చే పాఠంలో మంచి అంచును కోసి కొత్త ప్లేటుకు మారుస్తాం. అప్పటిదాకా రోజూ ఒకే వేళకు ప్లేట్లు చూస్తూ, మూత మీద మార్కర్‌తో పోగుల అంచు ఎక్కడిదాకా వచ్చిందో గీత పెట్టండి. ఏ వైపు గీతలు దూరదూరంగా పడతాయో అక్కడే మన కత్తి పెట్టేది.