శాటిలైట్ పాఠాలు – 3వ భాగం: ఫుట్‌ప్రింట్ మ్యాప్ చూడటం, డిష్ ఎటు తిప్పాలో లెక్క కట్టడం

పోయిన భాగంలో చెప్పుకున్నాం కదా, 35,786 కిలోమీటర్ల ఎత్తులో భూమధ్యరేఖకి సరిగ్గా పైన తిరిగితేనే శాటిలైట్ మనకి కదలకుండా ఉన్నట్టు అనిపిస్తుందని. ఆ భూమధ్యరేఖ ముక్క మర్చిపోవద్దు, ఇవాళ పని మొత్తం దాంతోనే.

ముందు మ్యాప్. కమ్యూనికేషన్ శాటిలైట్‌కి ఫుట్‌ప్రింట్ మ్యాప్ అని ఉంటది, దేశం బొమ్మ మీద ఒకదాంట్లో ఒకటి వంకర గీతలు, గీతకో నంబరు. అది చూసి చాలామంది శాటిలైట్ నాగపూర్ నెత్తి మీద ఎక్కడో ఉందనుకుంటారు. లేదు, ఆ గీతలు సిగ్నల్ ఎంత మేర పడుద్దో చెప్తాయి అంతే. జీశాట్-30 తీసుకోండి, 2020 జనవరిలో ఇన్‌శాట్-4ఏ బదులు పంపారు, ఉండేది 83 డిగ్రీల తూర్పున. వైజాగ్ రేఖాంశం కూడా ఇంచుమించు అంతే, అంటే వైజాగ్ నుంచి సముద్రం మీద తిన్నగా దక్షిణానికి పోయి, శ్రీలంకని కుడిచేతి పక్క వదిలేసి, భూమధ్యరేఖ దాకా వెళ్తే అప్పుడు దాని కిందకి వచ్చినట్టు.

ఇంకోటి, బ్యాండ్ (అంటే సిగ్నల్ ఏ ఫ్రీక్వెన్సీల్లో వస్తుందో ఆ పరిధి) చూడకుండా మ్యాప్ నమ్మొద్దు. ఇదే జీశాట్-30లో కేయూ బ్యాండ్ మన దేశానికీ దీవులకీ, సీ బ్యాండ్ అయితే గల్ఫ్ దేశాలు, ఆసియాలో చాలా దేశాలు, ఆస్ట్రేలియా దాకా పోద్ది.

గీతల మీద నంబర్లు సిగ్నల్ బలం చెప్తాయి, డెసిబెల్స్‌లో ఉంటాయి. 3 తగ్గితే పవర్ సగం అయినట్టు, 6 తగ్గితే పావు వంతు. ఉదాహరణకి 52 గీత దగ్గర 60 సెంటీమీటర్ల డిష్ సరిపోయిందనుకోండి, 49 దగ్గర అదే సిగ్నల్‌కి దాదాపు 85 కావాలి, 46 దగ్గర 120. కాబట్టి మన ఊరు గీత లోపల ఉందా లేదా అని చూసి వదిలేయకుండా ఏ గీత లోపల ఉందో చూడాలి, అంచు మీద ఉంటే వానాకాలంలో కేయూ బ్యాండ్‌తో ఏడుపే.

ఇక తిప్పడం. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పున, విజయవాడ 80.6 తూర్పు, 16.5 ఉత్తరం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి డిగ్రీ మోడ్‌లో పెట్టండి, రేడియన్‌లో ఉంటే అంతా తలకిందులే.

93.5లోంచి 80.6 తీస్తే 12.9. దాని టాన్ 0.229. మన అక్షాంశం 16.5కి సైన్ 0.284. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 0.806, దానికి టాన్ ఇన్వర్స్ కొడితే సుమారు 39 డిగ్రీలు. శాటిలైట్ మనకి తూర్పున ఉంది కాబట్టి 180లోంచి తీసేయాలి, 141 వచ్చింది, ఇది ఉత్తరాన్ని సున్నా అనుకుని కుడివైపుగా కొలిచే కంపాస్ డిగ్రీ. అంటే ఆగ్నేయం, వాస్తు ప్రకారం వంటిల్లు పెట్టే మూల, అక్కణ్ణించి కాస్త దక్షిణానికి.

డాబా మీద కంపాస్ చూసేటప్పుడు పై అంతస్తు కోసం వదిలేసిన పిల్లర్ ఊచలకి దూరంగా నిలబడండి, ఇనుము పక్కన ముల్లు అబద్ధం చెప్పిద్ది. మొత్తంగా దిక్కు తేడా కొట్టిందేమో చూసుకోడానికి బెజవాడలో ఓ సులువు ఉంది, ఊరికి దక్షిణాన కృష్ణ ఉంది కదా, డిష్ కొండ వైపు చూస్తా ఉంటే ఎక్కడో తప్పు కొట్టారు.

పైకి ఎత్తాల్సిన కోణం ఇక్కణ్ణించి సుమారు 65 డిగ్రీలు. కానీ మన ఇళ్ల మీద ఉండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు, ఎల్ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టుకునే ముక్క) నడి మధ్యలో ఉండదు, కాబట్టి పళ్లెం చూడ్డానికి 65 ఎత్తినట్టు అస్సలు కనపడదు, ఇంకా నిలువుగా ఉంటది, కంగారుపడి వంచేయకండి. ఆ లెక్క వచ్చే భాగంలో.

ఈలోపు గుంటూరు వాళ్లు జీశాట్-11కి చేసి చూడండి, 74 డిగ్రీల తూర్పున ఉంది, దేశం మొత్తానికి ఒకటే గీత కాకుండా 32 చిన్న చిన్న బీమ్‌లు వేసుద్ది. గుంటూరు 80.4 తూర్పు, 16.3 ఉత్తరం. ఈసారి శాటిలైట్ మనకి పడమరన పడుద్ది, కాబట్టి 180కి కలపాలి, 202 దగ్గర రావాలి.