కన్నంలో చెయ్యి పెట్టేముందు ఏ లాబ్‌స్టరో చూసుకోండి

అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల్లో, సముద్రంలో దిగి లాబ్‌స్టర్లని (పెద్ద రొయ్యల్లాంటి జీవుల్ని) పట్టుకునే మినీ సీజన్ అంటే జూలైలో వరుసగా వచ్చే చివరి బుధ, గురువారాలు. అసలు సీజన్ ఆగస్టు 6న మొదలవుతుంది, అయినా అందరూ ఈ రెండు రోజులకే ఎగబడతారు, ఆ హడావుడిలోనే పొరపాట్లు జరుగుతాయి.

అందరూ వెతికేది కరీబియన్ స్పైనీ లాబ్‌స్టర్‌ని. దీనికి పటకారు లాంటి చేతులు ఉండవు. కళ్ళ మీద ముందుకు వంగిన రెండు కొమ్ములు, ఒంటికంటే పొడవైన లావుపాటి మీసాలు, కాళ్ళ మీద నిలువు చారలు. తోక మీద అటూ ఇటూ కళ్ళలాంటి పెద్ద లేతరంగు మచ్చలు కనిపిస్తే అదే. దీని చుట్టం ఒకటుంది, స్పాటెడ్ స్పైనీ లాబ్‌స్టర్, ముగ్గు చుక్కలు పెట్టినట్టు ఒళ్ళంతా చిన్న తెల్ల చుక్కలు, కాళ్ళ మీద కూడా చారలు కాదు చుక్కలే, సైజు చిన్నది, పగడపు గుహల పైకప్పుకి తలకిందులుగా వేలాడుతుంటుంది. మీసాల బదులు పలకల్లాంటివి ఉంటే అది స్లిప్పర్ లాబ్‌స్టర్. ఏదో తేలకపోతే వదిలేయండి, ఇంకో రాయి కింద ఇంకోటి ఉంటుంది.

గేజ్, అంటే లాబ్‌స్టర్ సైజు చూసే కొలబద్ద, మర్చిపోవద్దు. కొమ్ముల మధ్య నుంచి వీపు డిప్ప వెనక అంచు దాకా 3 అంగుళాలు దాటాలి, అదీ నీళ్ళలోనే కొలవాలి, పడవలోకి తెచ్చాక కాదు. తోక కింద నారింజ రంగు గుడ్ల ముద్ద ఉంటే ముట్టుకోకూడదు.

మొదటిసారి నేను మీసాలు కనబడగానే చెయ్యి పెట్టేశాను. పక్కనే మోరే ఈల్, పాములాంటి చేప, నోరు తెరిచి చూస్తోంది, చెయ్యి ఎలా వెనక్కి తీశానో నాకే తెలీదు. లైట్ వేసి కన్నం అంతా చూడండి, విషపు ముళ్ళుండే లయన్‌ఫిష్ అనే చేప కూడా అక్కడే దాక్కుంటుంది. దాని ముల్లు గుచ్చుకుంటే ఒడ్డుకొచ్చి, కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి ముంచి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. మీసాలు పట్టి లాగితే ఊడొస్తాయి, అందుకే కర్రతో తోక వెనక మెల్లగా తట్టండి, అది ముందుకి జరుగుతుంది, అప్పుడు వెనక వల పెట్టి ఎదురుగా కదిలితే తోక కొట్టుకుంటూ తనే వలలోకి దూకుతుంది.

నాకు ఈల్ కంటే పడవలంటేనే భయం. కింద మనిషి ఉన్నాడని పడవలకి చెప్పే డైవర్ జెండా లేకుండా దిగొద్దు, ఒంటరిగా అసలొద్దు. ఫిషింగ్ లైసెన్స్‌తో పాటు లాబ్‌స్టర్ పర్మిట్ విడిగా తీసుకోవాలి. కీస్ ఉన్న మన్రో కౌంటీలో మనిషికి రోజుకి 6 మాత్రమే, అక్కడి సముద్ర పార్కు పెన్నెక్యాంప్‌లో మినీ సీజన్‌లో ఒక్కటి కూడా పట్టకూడదు. రాత్రి దిగుదామనుకుంటే అదీ కుదరదు, ఆ రెండు రోజులూ మన్రోలో రాత్రి డైవింగ్ నిషేధం.