గ్రేహౌండ్ బొటనగోరు చీలకుండా

మా దేవరకొండ వైపు పత్తి చేలలో, సర్కారు తుమ్మల మధ్య పరుగెత్తే గ్రేహౌండ్ జాతి కుక్కకు ముందుకాలి లోపలివైపు, పాదానికి పైన ఉండే బొటనగోరు దేనికో తగులుకుని చీలుతుంటుంది. మామూలు నడకలో అది నేలకు ఆనదు కాబట్టి అరగదు. వదిలేస్తే వంకీ తిరిగి చర్మంలోకి దిగుతుంది, పాపం. రెండు మూడు వారాలకోసారి కొనను 2 మిల్లీమీటర్లకు మించకుండా కత్తిరించి, ఆకురాయితో నున్నగా రుద్దండి. నల్లగోరైతే లోపలి రక్తనాళం కనబడదు, ఇంకా తక్కువే తీయాలి. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది 5 నిమిషాలు కదపకుండా నొక్కి పట్టుకోండి.

పరుగుకు ముందు, తనకు తానే అంటుకునే సాగే బ్యాండేజీని గోరు మీదుగా రెండు చుట్లు వదులుగా చుట్టండి. చిటికెనవేలు దూరాలి. ఇంటికి రాగానే విప్పేయండి, లేకపోతే పాదం వాచిపోతుంది. గోరు మొదలుదాకా చీలినా, ఊగుతున్నా కట్టు పనికిరాదు, పశువైద్యుడికి చూపించాల్సిందే.