కనానీయ మతం – 4వ పాఠం: ప్రతి 'ఏల్' ఆ ఏల్ కాదు

గత పాఠంలో ఆదికాండంలోని 'ఏల్'లను గుర్తించమంటే, చాలామంది దొరికిన ప్రతిదాని పక్కనా "ఉగారిత్ దేవుడు" అని రాసేశారు. ఆ చిక్కు విప్పకుండా అషేరా (దేవత పేరో, కొయ్య పేరో అని వాదన ఉన్న మాట) దగ్గరికి వెళ్తే అక్కడా ఇదే తప్పు జరుగుతుంది.

సిరియాలోని రాస్ షమ్రాలో 1929 నుంచి బయటపడిన, ఉగారిత్ అనే ప్రాచీన నగరపు పలకల్లో 'ఇల్' అంటే దేవసభకు పెద్ద. ఏ దేవుణ్ణయినా 'ఇల్' అనే అనేవారు. హీబ్రూ 'ఏల్' కూడా అంతే: కొన్నిచోట్ల పేరు, చాలాచోట్ల మామూలు నామవాచకం.

తేల్చుకోవడం ఎలా? "ఏలీ, ఏలీ" మనవాళ్ళందరికీ తెలిసిన మాటే. చివరి 'ఈ' అంటే 'నా'. హీబ్రూలో మనుషుల, దేవతల పేర్లకు 'నా', 'అతని' అనే ప్రత్యయాలు మామూలుగా తగలవు. కాబట్టి కీర్తన 22:1లో ఏల్ పేరు కాదు, 'దేవుడు'. ముందు 'హా' చేరి 'హా-ఏల్' అయినా అంతే. యెషయా 31:3లో ఐగుప్తీయులు మనుషులే గాని 'ఏల్' కారంటాడు. అక్కడా పేరు కుదరదు. ఆదికాండము 31:29 మరీ మోసం చేస్తుంది: "యెష్ లెఏల్ యాదీ", అంటే 'నా చేతనవును'. అందులో అసలు దేవుడే లేడు! అదే 33:20లో షెకెము బలిపీఠానికి యాకోబు పెట్టిన 'ఏల్ ఎలోహే ఇశ్రాయేల్' చూడండి. 'ఇశ్రాయేలు దేవుడైన ఏల్' అన్నప్పుడు అది పేరే. నేనైతే ముందు ప్రత్యయం చూస్తాను, అర్థం గురించి తరువాతే ఆలోచిస్తాను.

బయలు అనే కనానీయ దేవుడి పేరుదీ ఇదే తంటా. హీబ్రూలో ఆ మాట బఅల్; అంటే యజమాని, భర్త కూడా. హోషేయ 2:16 ఆ రెండర్థాల మీదే నిలబడింది.

ఇక అషేరా. సీనాయిలోని కుంతిల్లెత్ అజ్రూద్‌లో 1975–76లో తవ్విన పెద్ద జాడీల మీద, సుమారు క్రీ.పూ. 800 నాటి రాతలో "షోమ్రోను (సమరయ) యహ్వే (యెహోవా), అతని అషేరా" అని దీవెన ఉంది. 'అతని' అంటున్నది చివరి హీబ్రూ అక్షరం 'హే'. పై సూత్రం ప్రకారం ఇది దేవత పేరు కావడం కష్టం. తెలుగు బైబిలు 'దేవతాస్తంభము' అనే కొయ్య అయి ఉండాలని నా మొగ్గు. అయితే ఆ కొయ్యకు పేరు ఉగారిత్‌లో ఇల్ భార్య అయిన అథిరతు నుంచే వచ్చింది కనుక, దేవత పూర్తిగా మాయమైపోయిందని అనకండి. దేవతేనని వాదించే పండితులూ ఉన్నారు.

అభ్యాసం: న్యాయాధిపతులు 9:4లో బయల్బెరీతు గుడి, 9:46లో ఏల్బెరీతు గుడి, రెండూ షెకెములోనే. ఒకే గుడా, రెండా? తరువాత కీర్తన 82లోని 8 వచనాలూ హీబ్రూ లిపిలో రాసుకుని, మొదటి వచనంలోని 'అదత్ ఏల్' (ఏల్ సభ)లో ఏల్ పేరో కాదో వాదించండి. ద్వితీయోపదేశకాండము 32:8లో 'ఇశ్రాయేలీయుల' అన్నచోట మృతసముద్రపు చుట్టలో 'దేవుని కుమారులు' అని ఉంది, దాన్నీ కలుపుకోండి.