ఊరి ప్లానింగ్ పనుల్లో ఏఐ వాడబోతున్నారా? ముందు ఇవి తేల్చుకోండి

ఈమధ్య స్థానిక సంస్థల ఆఫీసుల్లో ఎక్కడ విన్నా ఒకటే మాట, మనం కూడా ఏఐ పెట్టాలి అని. దేనికి పెడతారు అని అడిగితే మాత్రం చాలాచోట్ల నీళ్లు నములుతారు. ఎవరో వెండర్ వచ్చి డెమో చూపించాడు, స్క్రీన్ మీద మ్యాపులు రంగురంగులుగా వెలిగాయి, పై వాళ్లకి నచ్చింది, అంతే. డెమోలో అన్నీ బాగానే నడుస్తాయి, ఆ డేటా వాళ్లు ఏరికోరి తెచ్చుకున్నది కాబట్టి. మీ బీరువాల్లో ఉన్న ఫైళ్లు అలా ఉండవు కదా.

అందుకని టూల్ జోలికి వెళ్లకముందే ఒక కాగితం తీసుకుని, ఏ పని దగ్గర మీ ఆఫీసు ఇబ్బంది పడుతోందో ఒక్క వాక్యంలో రాయండి. ‘స్మార్ట్ ప్లానింగ్ కోసం’ లాంటివి కుదరవు. ‘ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద వచ్చిన అభ్యంతరాలు చదివి, విషయాల వారీగా విడదీయడానికి నెలలు పడుతోంది’ అని రాశారనుకోండి, అది పని. అలాంటి వాక్యం ఒకటి రాయలేకపోతే మీకింకా ఏఐ అవసరం రాలేదన్నమాట, ఆ డబ్బుతో ఇంకో ప్లానర్‌ని పెట్టుకోండి, నిజంగానే చెప్తున్నా.

వాక్యం కింద రెండు ప్రశ్నలు రాసుకోండి. ఇది తప్పు చెప్తే నష్టపోయేది ఎవరు? ఆ తప్పుని తర్వాత సరిదిద్దగలమా? పాత మీటింగుల రికార్డులు వెతికి పెట్టడం, స్కాన్ చేసిన పాత మ్యాపుల్ని డిజిటల్‌లోకి మార్చడం లాంటి పనుల్లో తప్పు దొర్లితే ఎవరో ఒకరు చూసి దిద్దుతారు, పెద్దగా కొంపలు మునగవు. రూల్స్ గురించి జనానికి జవాబులు చెప్పడం దానికంటే ఒక మెట్టు ప్రమాదం. ఎవరి ఇల్లు రోడ్డు విస్తరణలో పోతుంది, ఎవరికి పర్మిషన్ రాదు, ఎవరి మీద తనిఖీకి మనుషుల్ని పంపాలి అనేవి మాత్రం మెషీన్ చేతిలో పెట్టేవి కావు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరం, సంక్షేమ సాయం తీసుకునేవాళ్లలో ఎవరు మోసం చేస్తున్నారో పట్టుకోవడానికి ఒక అల్గారిథమ్‌తో, అంటే కంప్యూటర్ లెక్కల పద్ధతితో, జనానికి స్కోర్లు వేసింది. అందులో ఆడా మగా, డచ్ భాష ఎంత వచ్చు లాంటివి కూడా లెక్కలోకి వచ్చాయి. విమర్శలు వచ్చాక 2021లో దాన్ని పక్కన పెట్టారు. ఈలోపు తనిఖీలు పడ్డవాళ్లకి పోయిన ప్రశాంతతని ఎవరు తిరిగిస్తారు? కాబట్టి తేలిక పనితో మొదలుపెట్టండి, ఒక్క పనితోనే.

ఇందాక చెప్పిన అభ్యంతరాల ఉత్తరాల పనే తీసుకుందాం, ముందు దీనికే వాడాలనిపిస్తుంది కాబట్టి. పైకి చాలా సులువుగా కనిపిస్తుంది. వేల ఉత్తరాలు ఇస్తే అది సారాంశం తీసి, ఇంతమంది అనుకూలం, ఇంతమంది వ్యతిరేకం అని పట్టిక ఇస్తుంది. ఇక్కడే కాస్త ఆగి చూడండి. ఒకాయన ఇలా రాస్తాడు: ‘రోడ్డు వెడల్పు చేయడం మంచిదే, ఎప్పటినుంచో అడుగుతున్నాం, కానీ తూర్పు వైపు కాకుండా పడమర వైపు జరిపితే స్కూలు గోడ పోకుండా ఉంటుంది, అలా చేయకపోతే మాత్రం మేం ఒప్పుకోం.’ దీన్ని మెషీన్ వ్యతిరేకం కింద వేస్తుందో, అనుకూలం కింద వేస్తుందో ఎలా వేసినా తప్పే. ఆ ఉత్తరంలో పనికొచ్చేది పడమర వైపు జరపమన్న ముక్క, పట్టికలో పోయేదీ అదే.

ఇంకో రకం ఉంది. ఒకే ఉత్తరాన్ని మక్కికి మక్కి కాపీ చేసి వందలమంది సంతకాలతో పంపిస్తారు, సారాంశం మొత్తం అదే విషయంతో నిండిపోతుంది. దాని పక్కనే ఒకే ఒక్క ఉత్తరం ఉంటుంది, ఫలానా సందు చివర వాన పడితే కాలువ నీళ్లు వెనక్కి తంతాయి, మీరు పార్కింగ్ గీసింది సరిగ్గా అక్కడే అని. ఆ ఒక్కటే ప్లాన్‌ని మార్చాల్సిన ఉత్తరం, కానీ ‘ప్రధాన అంశాలు’ అని అడిగితే అది పైకి రాదు, ఒక్కరే చెప్పారు కాబట్టి. అందుకని మెషీన్‌ని సంఖ్యలు అడగడంతో సరిపెట్టకండి. ఒకే మూసలో ఉన్న ఉత్తరాల్ని ఒక కట్టగా విడిగా పెట్టించండి, ఒక్కసారే వచ్చిన విషయాల జాబితా వేరే తీయించండి, ప్రతి సారాంశ వాక్యం పక్కన అది ఏ ఉత్తరంలోంచి వచ్చిందో నంబరు ఉండేలా చూడండి. ఆ నంబర్లలో కొన్నింటిని ఎవరో ఒకరు కూర్చుని అసలు ఉత్తరాలతో సరిచూడాలి, ఎందుకంటే ఇవి లేని మాటని కూడా ఉన్నట్టే చాలా నమ్మకంగా రాస్తాయి. రెండు భాషలు కలిపి రాసినవి, చేతిరాతవి, యాసలో రాసినవి ముందు చూడండి, ఎక్కువ తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఇంకా ముఖ్యమైనది, ఆ ఉత్తరాల్లో పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు ఉంటాయి. వాటిని ఉచితంగా దొరికే చాట్‌బాట్‌లో పేస్ట్ చేయొద్దని స్టాఫ్‌కి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే చేస్తారు, పని తొందరలో ఎవరైనా చేస్తారు. నిషేధం ఒక్కటే పెడితే చాటుగా సొంత ఫోన్లలో వాడతారు, కాబట్టి వాడుకోదగ్గ టూల్ ఒకటి ఆఫీసే ఇవ్వాలి.

డేటా సంగతికొస్తే, స్థానిక సంస్థల దగ్గర ఉండేది చాలావరకు ఫిర్యాదుల రికార్డు. ఫిర్యాదు చేసినవాళ్లు ఎక్కడున్నారో అది చెప్తుంది, సమస్య ఎక్కడుందో చెప్పదు. అమెరికాలోని బోస్టన్‌లో 2012 ప్రాంతంలో స్ట్రీట్ బంప్ అని ఒక యాప్ తెచ్చారు, కారులో వెళ్తుంటే ఫోన్ కుదుపుల్ని బట్టి రోడ్డు మీద గుంతలు తనంతట తానే పసిగడుతుంది. ఆలోచన బాగుంది, కానీ అప్పట్లో స్మార్ట్‌ఫోన్, కారు రెండూ ఉన్నవాళ్ల పేటల్లోని గుంతలే ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. దాన్ని ముందే గమనించి, ఊరంతా తిరిగే తమ సిబ్బందికి యాప్ ఇచ్చారు. మీరూ అదే చేయొచ్చు. మీ డేటాని వార్డుల వారీగా జనాభా పక్కన పెట్టి చూడండి, ఏ వార్డు నుంచి దాదాపు ఏమీ రాలేదో అక్కడికి మనిషిని పంపండి. అక్కడ అంతా బాగుండి రాలేదా, చెప్పినా వినరని జనం మానేశారా అన్నది కంప్యూటర్ ముందు కూర్చుంటే తెలియదు.

దేన్ని కొలుస్తున్నారన్నది కూడా ఇందులో భాగమే. 1970ల తొలినాళ్లలో న్యూయార్క్‌లో ఏ అగ్నిమాపక యూనిట్లని మూసేయాలో తేల్చడానికి కంప్యూటర్ మోడళ్లు వాడారు. ఫైరింజన్ ఎంత సేపట్లో చేరుతుందన్నదే వాటికి ప్రధాన కొలమానం. మూతపడ్డవాటిలో చాలా యూనిట్లు పేదలు ఇరుకిరుకుగా బతికే, మంటలు తరచూ లేచే ప్రాంతాల్లోవి. లెక్క లెక్కలాగే ఉంది, బతుకులు మాత్రం అందులో లేవు.

మోడల్‌ని, అంటే టూల్ లోపల జవాబులు తయారుచేసే ఏఐని, పరీక్షించడానికి వెండర్ ఇచ్చిన రిపోర్టు మీద ఆధారపడకండి. ఇప్పటికే నిర్ణయం అయిపోయిన మీ పాత ఫైళ్లు ఒక రెండు మూడు వందలు తీసి, పేర్లు తీసేసి, దానికివ్వండి. అది చెప్పింది, అప్పట్లో మీరు చేసింది పక్కపక్కన పెట్టి చూడండి. మొత్తం మీద 90 శాతం సరిపోయింది అంటే ఊరట చెందొద్దు, ఆ తప్పిన 10 శాతం ఎవరివి? అన్నీ ఒకే వార్డువో, ఒకే రకం ఇళ్లవో అయితే ఆ టూల్ మీకు పనికిరాదు. పాత నిర్ణయాల్లోనే పక్షపాతం ఉండి ఉంటే అది దాన్నే నేర్చుకుంటుంది, అప్పుడు సరిపోవడమే చిక్కు. అందుకే వాటిలో కొన్నింటిని ఆ కేసుతో సంబంధం లేని అధికారితో మళ్లీ చూపించండి.

చివరి నిర్ణయం మనిషిదే అని ప్రతి టెండర్ కాగితంలోనూ రాస్తారు. ఆచరణలో ఏం జరుగుతుందంటే, రోజుకి పదుల ఫైళ్లు చూసే అధికారి మెషీన్ ఏం చెప్తే దాని కింద కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తాడు, కాదంటే కారణం రాయాలి, అవునంటే రాయక్కర్లేదు కాబట్టి. దీన్ని తిరగేయండి. ఒప్పుకున్నా రెండు ముక్కలు కారణం రాయాల్సిందే అని పెట్టండి. నెలకోసారి అధికారులు ఎన్నిసార్లు దాని మాట కాదన్నారో లెక్క తీయండి, సున్నా వచ్చిందంటే అది అద్భుతంగా పనిచేస్తోందని సంబరపడకుండా ఎవరూ చదవడం లేదేమో చూసుకోండి. ఏ నిర్ణయానికి ఏ అధికారి బాధ్యుడో హోదాతో సహా రాసి పెట్టండి. ‘సిస్టమ్ అలా చూపిస్తోందండీ’ అని జనానికి చెప్పి చేతులు దులుపుకునే వీలు ఎవరికీ ఉండకూడదు.

జనంతో నేరుగా మాట్లాడే చాట్‌బాట్ పెట్టాలనుకుంటే ఇంకా జాగ్రత్త. న్యూయార్క్ నగరం 2023 అక్టోబరులో చిన్న వ్యాపారుల కోసం ఒకటి పెట్టింది. 2024 మార్చికల్లా అది పనివాళ్ల టిప్పులు యజమాని తీసుకోవచ్చు లాంటి చట్టవిరుద్ధమైన సలహాలిస్తోందని పత్రికలు బయటపెట్టాయి. ప్రభుత్వ పోర్టల్‌లో చెప్పింది కదా అని జనం నమ్ముతారు, కింద చిన్న అక్షరాల్లో ‘తప్పులుండొచ్చు’ అని రాస్తే సరిపోదు. మీరు పెడితే, అసలు రూలు ఉన్న పేజీని చూపించే దారి చెప్పడం వరకే దాని పని అని కట్టడి చేయండి, మీకు పర్మిషన్ వస్తుంది, రాదు అని చెప్పనివ్వద్దు.

కాంట్రాక్టులో తప్పనిసరిగా ఉండాల్సినవి: డేటా మీదే, వాళ్ల మోడల్‌కి శిక్షణ కోసం వాడకూడదు, మోడల్ వెర్షన్ మార్చే ముందు మీకు చెప్పాలి, ఏ ప్రశ్నకి ఏ జవాబిచ్చిందో లాగ్ ఇవ్వాలి, బయటి వాళ్లతో ఆడిట్ చేయించుకోనివ్వాలి, ఒప్పందం తెగిపోతే మొత్తం డేటా వాడుకోదగ్గ ఫార్మాట్‌లో తిరిగివ్వాలి. ‘అది మా వ్యాపార రహస్యం’ అని ఎలా లెక్కవేస్తుందో చెప్పని కంపెనీకి దండం పెట్టి పంపించేయండి. రేపు ఎవరైనా కోర్టుకి వెళ్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

వాడుతున్న సంగతి దాచొద్దు. ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకీ నగరాలు 2020లోనే ఏ పనికి ఏ అల్గారిథమ్ వాడుతున్నారో, ఏ డేటా తీసుకుంటుందో, ఎవరిని అడగాలో అందరూ చూసేలా రిజిస్టర్ పెట్టాయి. కెనడా ప్రభుత్వం ఇలాంటి వ్యవస్థల్ని పెట్టే ముందు పూర్తిచేయాల్సిన ప్రశ్నావళిని 2019 నుంచి తన శాఖలకి పెట్టింది, జవాబుల్ని బట్టి ప్రమాదం నాలుగు స్థాయిల్లో ఏదో తేలుతుంది. ఆ ప్రశ్నలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, మీకు సరిపోయేలా మార్చుకుంటే సగం పని అయిపోయినట్టే. మీ రిజిస్టర్ ఒక్క పేజీ ఉన్నా చాలు, కానీ మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, ఆఫీసు నోటీసు బోర్డు మీదా ఉండాలి. ఆ పేజీలోనే ‘ఇది తప్పనిపిస్తే మనిషితో మళ్లీ చూపించుకోవడం ఎలా’ అన్నది, గడువుతో సహా రాయండి.

ఆఖరిగా, ఎప్పుడు ఆపేస్తారో మొదలుపెట్టకముందే రాసుకోండి. ఫలానా వార్డులో తప్పులు ఇంత దాటితే, లేదా అప్పీళ్లలో ఇన్ని తారుమారైతే ఆపేస్తాం అని అంకెలతో, కౌన్సిల్ తీర్మానంలోనే పెట్టించండి. డబ్బు ఖర్చయ్యాక ఆపడానికి ఎవరికీ మనసు రాదు. వెర్షన్ మారినా, మాస్టర్ ప్లాన్ నిబంధనలు మారినా, ఆ పాత ఫైళ్ల కట్టనే మళ్లీ బయటికి తీసి మొదటినుంచీ పరీక్షించండి. ఆ కట్ట ఎవరి బీరువాలో ఉందో రిజిస్టర్‌లో రాయడం మర్చిపోకండి, బదిలీలయ్యాక వెతుక్కునేది దాన్నే.