పాంక్రియాస్ (క్లోమం) తీసేసే ఆపరేషన్‌కి ముందు చూసుకోవాల్సినవి

- సీ-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చూపేది), హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) టెస్టులు తప్పనిసరి, ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్ కణాలు ఇంకా పనిచేస్తుంటేనే వాటిని తీసేసిన పాంక్రియాస్ నుంచి విడదీసి లివర్‌లోకి ఎక్కిస్తే ఉపయోగం, 1977లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైన పద్ధతి ఇది, మన కణాలే కాబట్టి శరీరం వాటిని తిరస్కరించకుండా వాడే మందులు అక్కర్లేదు.
- క్యాన్సర్ అనుమానం ఉంటే ముందే తేల్చుకోండి, లేకపోతే ఐలెట్ కణాలతో పాటు క్యాన్సర్ కణాలూ లివర్‌లోకి వెళ్లొచ్చు.
- స్ప్లీన్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే ప్లీహం) కూడా తీసేస్తారు చాలామందికి, అందుకే నిమోనియా, మెనింజైటిస్ టీకాలు కనీసం 2 వారాల ముందే.
- సిగరెట్, మద్యం పూర్తిగా బంద్.
- షుగర్ అస్సలు రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి దయచేసి, కొత్త చోట కణాలు కుదురుకునేదాకా కొన్ని నెలలు ఇన్సులిన్ తీసుకోవాలి, కొందరికి జీవితాంతం కొంచెం డోసు ఉంటుంది, అందుకే గ్లూకోమీటర్ వాడటం ఇప్పుడే నేర్చుకోండి.
- ఆపరేషన్ తర్వాత అన్నం తిన్న ప్రతిసారీ తిండి అరగడానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ వేసుకోవాలి, ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.