ఒంటి ద్వారా మాట్లాడే వాచీ సిగ్నల్ బయటికి ఎంత పోతోందో ఇలా కొలవండి

హనుమకొండలో ఇంజినీరింగ్ పిల్లలకు ల్యాబ్ చెప్తాను. ఒంటి మీదుగా డేటా పంపే వాచీలాంటి పరికరం తయారుచేసిన ప్రతి బ్యాచ్‌కీ మొదట ఒకటే చెప్తాను: గోడ ప్లగ్గుకు తగిలించిన ఏ మిషనూ ఈ కొలతలో ఉండొద్దు.

కారణం ఉంది. ఈ పద్ధతిలో ఒక ఎలక్ట్రోడ్ చర్మానికి తగులుతుంది, రెండోది గాలిలో వదిలేసి ఉంటుంది. సిగ్నల్ తిరిగి రావాలంటే గాలి, నేల గుండా రావాలి. ఆ దారిలో కెపాసిటెన్స్ (విద్యుత్ చార్జిని పట్టి ఉంచే గుణం) చాలా తక్కువ. సిగ్నల్ పుట్టించే జనరేటర్‌నీ, దాన్ని చూపించే ఆసిలోస్కోప్‌నీ కరెంటుకు పెడితే బిల్డింగ్ ఎర్తింగ్‌లో రెండూ కలిసిపోతాయి. సిగ్నల్‌కు దొంగదారి దొరికి, అంకెలన్నీ అందంగా, కానీ తప్పుగా వస్తాయి. మనిషికి షాక్ ప్రమాదం వేరే. అందుకే అన్నీ బ్యాటరీ మీదే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఈ ప్రయోగానికి అసలు పిలవకండి.

500 కిలోహెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. అక్కడ తరంగం పొడవు 600 మీటర్లు, మనిషి ఒళ్లు యాంటెనాగా పనిచేయదు. ఒంటి మీది పరికరాల కోసం వచ్చిన 2012 నాటి ఐఈఈఈ 802.15.6 ప్రమాణం చెప్పే 21 మెగాహెర్ట్జ్‌లో అది దాదాపు 14 మీటర్లే. అక్కడ ఒళ్లు యాంటెనాగా మారొచ్చు, కాబట్టి రెండు ఫ్రీక్వెన్సీల్లోనూ విడివిడిగా కొలవాలి. 1 మెగాహెర్ట్జ్ లోపు సిగ్నల్ 15 సెంటీమీటర్లు దాటితే అందలేదనీ, బ్లూటూత్ 5 మీటర్ల అవతలా దొరికిందనీ 2019లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. మీ పరికరం కూడా అలాగే ఉంటుందని మాత్రం అనుకోవద్దు.

ముందు ట్రాన్స్‌మిటర్ ఆపేసి గదిలో నాయిస్ ఎంతుందో రాసుకోండి. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్ అన్నీ ఈ బ్యాండ్‌లోనే గోల చేస్తాయి, వీలైనన్ని ఆపేయండి. చిన్న రాగి రేకును ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి, హై ఇంపెడెన్స్ ప్రోబ్‌తో (సిగ్నల్ నుంచి దాదాపు కరెంటు లాగని తీగ) కొలిచే మిషన్‌కు కలపండి. రేకును మిషన్ 50 ఓమ్ ఇన్‌పుట్‌కు నేరుగా పెడితే తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉన్న లీకేజీ కూడా కనబడదు. మ్యాక్స్ హోల్డ్ (గరిష్ఠ రీడింగ్‌ను నిలిపి ఉంచే బటన్) నొక్కి మీరు దూరం జరగండి, మీ ఒళ్లూ సిగ్నల్ పట్టేస్తుంది.

మణికట్టు నుంచి 5, 10, 15, 30, 60 సెంటీమీటర్లు, ఆ తర్వాత మీటరు దూరంలో రేకు పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి కొలవండి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. సిగ్నల్ ఒళ్లంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి రెండో చెయ్యి, తల, పాదం దగ్గర కూడా అవే దూరాలు కొలవాలి. షాబాద్ బండల మీద వట్టికాళ్లతో ఒకసారి, చెప్పులతో ఒకసారి. నేలతో ఒంటి కెపాసిటెన్స్ మారితే రీడింగూ మారుతుంది.

చివరగా వాచీని ప్లాస్టిక్ డబ్బా మీద పెట్టి మళ్లీ కొలవండి. రీడింగ్ అంతే వస్తే కారుతున్నది ఒంట్లోంచి కాదు, మీ బోర్డులోంచి.